చిన్నాన్న వ్యానులో కరెంటు

పోయిన వారం ఓ మధ్యాహ్నం సాలూరు నుంచి పిన్ని ఫోన్ చేసింది. "మీ సిన్నాన్న ఎల్లిపోనాడే" అంది. "ఎక్కడ?" అన్నాను. "వ్యానులోనే" అంది.

ఆ వ్యాను గురించి చెప్పకుండా చిన్నాన్న గురించి చెప్పలేను. ఆయన జీవితమంతా లారీ తోలారు. ఊపిరితిత్తులు పాడయ్యాక, ఆక్సిజన్ అందించే మెషీను లేకుండా బతకలేని స్థితి వచ్చింది. అది కరెంటుతో నడుస్తుంది. అంటే గోడకున్న ప్లగ్గు దగ్గరే బతకాలి. కొన్నాళ్లు అలాగే పడుకుని, ఓ రోజు పాత డీజిల్ వ్యాను కొనేశారు. లారీ బాడీలు కట్టేవాళ్ల చేత లోపల పడుకునే బల్ల, బల్ల కింద బ్యాటరీలు, ఇన్వర్టరు, పైన సోలార్ పలకలు పెట్టించారు. "గోడకి కట్టీసిన గొడ్డునేటి నాను?" అనేవారు.

వ్యానులో కరెంటుకు ఆయనే పెద్ద. "ముందు నా ముక్కు. మిగిల్తే ఫ్యాను. మరీ మిగిల్తే నీ ఫోను, గుంటా." నలభై దాటిన నన్ను ఇంకా చిన్నపిల్లనన్నట్టు గుంటా అనేది ఆయనొక్కరే. పిన్ని మిక్సీ తీస్తే, "నా ఊపిరితో పచ్చడి సేస్తావేటే?" అనేవారు. "సేస్తే తినవేటి?" అనేది పిన్ని.

ఒకసారి నౌపడ ఉప్పు మడులు చూడాలన్నారు, వయసులో ఉండగా లోడు ఎత్తిన చోటు. సాలూరులో పసుపు రాసి దండ వేయందే బండి దూరం కదలదు. పిన్ని నిచ్చెనెక్కి సోలార్ పలకలకూ పసుపు పూసి, వాటి మీద అడ్డంగా బంతిపూల దండలు బిగించి కట్టింది. "నీకు ఊపిరిచ్చే దేవుడు అదే కదా మావా" అంది. ఎవరికీ తప్పనిపించలేదు. నేను తోలాను, ఆయన పక్కన కూర్చుని నా తోలకాన్ని తిడుతూ వచ్చారు.

ఆ రాత్రి మడుల పక్కనే ఉండిపోయాం. తెల్లారితే ఎండకు బ్యాటరీలు నిండుతాయని ధీమా. మర్నాడు ఎండ మండిపోతుండగానే మెషీను కీచుమని, ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజనూ లేవలేదు, దానికీ అవే బ్యాటరీలు. చిన్నాన్న పెదవులు నీలంగా మారుతున్నాయి. పిన్ని పైటకొంగుతో విసురుతోంది. అది చాలదని తనకూ తెలుసు. నేను మడుల్లోకి అరుస్తూ పరుగెత్తాను.

ఉప్పు తోడేవాళ్లు మోకాళ్ల దాకా ఉప్పు పేరుకున్న కాళ్లతో వచ్చి వ్యానును తోశారు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. వెనక నుంచి ముక్కలు ముక్కలుగా ఆయన గొంతు: "సెకండ్... క్లచ్ వదలకు... ఇప్పుడొదులు గుంటా..." ఇంజను దగ్గి, అందుకుంది. కాసేపటికి మెషీనూ అందుకుంది.

తోసినవాళ్లలో ఒకామె పైకి చూసి, "పలకల మీద పెళ్లి పందిరేటమ్మా? నీడ పడిపోనాది" అంది. అప్పుడర్థమైంది, దండల నీడకే బ్యాటరీలు నిండలేదని. పిన్ని పైకెక్కి దండలన్నీ తెంపి, అక్కడే కూలబడి తల బాదుకుంది. చిన్నాన్న ఊపిరి కూడదీసుకుని, "ఊరుకోయే. నువ్వు జోల పాడినావు, నీ దేవుడు నిద్దరోనాడు" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

గోడ దగ్గరే కట్టేసి ఉంచితే ఇంకొన్నాళ్లు ఉండేవారా? నాకు తెలియదు. తిప్పడం ప్రేమో, మొండితనమో ఇప్పటికీ తేల్చుకోలేను. పచ్చని పొలాలు కనిపించినప్పుడల్లా ఆయన ముఖంలో కనిపించిన వెలుగు మాత్రం నిజం.

నేను సాలూరు చేరేసరికి ఆయన్ని అరుగు మీదకు దించారు. పిన్ని అక్కడ లేదు. ఇంటి ముందున్న వ్యానులో, ఖాళీ బల్ల పక్కన కూర్చుని ఉంది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. ఈసారి తక్కువైంది కరెంటు కాదు. మెషీను ఆడుతూనే ఉంది.

"ఆపేద్దాం పిన్నీ" అన్నాను.

"ఉండవే, గాలి బాగానే వస్తన్నాది" అని, ముక్కుకు పెట్టే గొట్టం కొసను అరచేతికి ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది.