ఎనభై ఆరు దగ్గర ఆయాసం

నా భార్య గుండెకు స్టెంట్ వేసి ఇంటికి పంపినప్పుడు డాక్టర్ నడక గురించి చెప్పింది ఒక్క మాటే. రోజూ అరగంట నడవాలి, ఆయాసం రాకుండా నడవాలి. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయాసం అంటే ఎంత? దాన్ని ఎవరు కొలిచారు? తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను నేను. జమ్మికుంట, లక్సెట్టిపేట, ఖానాపూర్ తిరిగి కాంటాలకు ముద్రలు వేసినవాణ్ణి. మనిషి నోటి మాటకు ముద్ర వేయడం మా శాఖలో లేదు.

ఆమె తమ్ముడు దుబాయిలో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి అక్కను చూసి, తన చేతికున్న గడియారం విప్పి ఆమె చేతికి కట్టాడు. నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది చూపిస్తుంది. అడుగున పచ్చటి వెలుగు మిణుకుమంటుంది.

"నాకెందుకురా గిది. గాజులకు అడ్డమొస్తుంది," అన్నది ఆమె.

"అక్కా, బావకు కొలిచేందుకు ఏదో ఒకటి గావాలె. లేకుంటే నీ పానం తీస్తడు," అన్నాడు వాడు.

కరీంనగర్‌లో మేముండే వీధికి దగ్గరగా ఒక కాలేజీ గ్రౌండ్ ఉంది. పొద్దున నడిచేవాళ్లలో రిటైరైన పీఈటీ సారు ఒకాయన ఉన్నాడు. ఎంత వేగం సరైనదని ఆయన్ని అడిగాను.

"రెండొందల ఇరవైలకెంచి వయసు తీసెయ్యి అన్నా. మిగిలినదాంట్ల నూటికి అరవై వంతులన్న గుండె కొట్టుకోవాలె. డెబ్బై దాంక పోవచ్చు. అరవైకి తక్కువైతే అది నడక గాదు, షికారు."

ఆమెకు అరవై ఆరు. తీసేస్తే నూట యాభై నాలుగు. ఇంటికి రాగానే డైరీ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను: 92 నుంచి 108. అంకె దొరికాక ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మొదటి వారమంతా గడియారం డెబ్బై ఎనిమిది, ఎనభై, ఎనభై ఒకటి చూపించింది. తొంభై దరిదాపులకు రాలేదు. సహజంగానే నా అనుమానం గడియారం మీదికి పోయింది. పరాయి దేశంలో వేరే మనిషి చేతికి అలవాటుపడ్డ వస్తువు అది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాను.

"నా చెయ్యి పట్టుకోని ఎన్నేండ్లయిందో. ఇప్పుడు గూడ గోడ దిక్కే సూస్తున్నవ్," అన్నది.

"మాట్లాడకు, లెక్క తప్పుతది."

మూడు రోజులు పరీక్షించాను. కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు, నడిచి ఆగిన వెంటనే. నా లెక్కకూ దానికీ ఒకటి రెండు కంటే తేడా రాలేదు. అంత మాత్రం తేడా ఉన్న కాంటాకు నేను ప్రశ్న వేయకుండా ముద్ర వేసేవాణ్ణి.

మా పనిలో ఒక సూత్రం ఉంది. కాంటా సరిగ్గా ఉండి తూకం తగ్గుతుంటే, తూచేవాడి చెయ్యి చూడాలి. కాబట్టి నేను నా భార్యను చూడటం మొదలుపెట్టాను.

నేను పక్కనుంటే ఒక తీరు, లేకపోతే ఒక తీరు నడుస్తోందేమో అనుకున్నాను. చర్చిలో ఆమెతో పాటు పాడే ఆడవాళ్లు ఇద్దరు ఆ గ్రౌండుకే నడకకు వస్తారు. వాళ్లు కలిస్తే కాళ్లు ఆగి నోరు నడుస్తుందని నా అంచనా. ఒక రోజు మోకాలు నొప్పి అని చెప్పి, గ్రౌండ్ పక్కనున్న సిమెంటు స్టేజీ వెనక నిలబడి రెండు చుట్లు గమనించాను. ఆ ఆడవాళ్లు ఆ రోజు రాలేదు. రెండో చుట్టులో, దూరపు మూల దగ్గర ఆమె ఆగింది. గోడకు చెయ్యి ఆనించి తల వంచుకుంది. కాసేపటికి తలెత్తి, నన్ను చూసి, మళ్లీ నడిచింది.

"ఎందుకాగినవ్?"

"దమ్మొస్తుంది."

"ఎంతున్నదో సూడు. ఎనభై నాలుగు. ఎనభై నాలుగుకు దమ్మెట్లస్తది?"

"దమ్ము నాకస్తుంది, గడియారానికి గాదు. గా స్టేజీ ఎనకకెంచి తొంగిసూసుడేంది? నేనేమన్న దొంగ బస్తాలు తూస్తున్ననా, ఇన్‌స్పెక్టర్ సారూ?"

ఇంటికొచ్చి రాసుకున్నాను: ఆగింది. నన్ను చూడగానే నడిచింది.

మరుసటి సోమవారం నుంచి ఆమె పక్కనే, అర అడుగు ముందు నడిచాను. నా వేగం అందుకోక తప్పని విధంగా. నాలుగో రోజు మూడో చుట్టులో గడియారం ఎనభై ఆరు చూపించింది.

"ఇంకా ఆరే తక్కువ. జర లాగు," అన్నాను.

ఆమె లాగింది. ఇరవై అడుగులు వేసిందేమో, పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడింది. పై పెదవి మీద చెమట, మొహంలో రంగు లేదు. నేను మొదట చూసింది ఆమె మొహం కాదు, ఆమె చెయ్యి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని జరిగింది అదే.

"ఎనభై ఆరే ఉన్నది గదా," అన్నాను.

ఆమె గడియారం విప్పి నా అరచేతిలో పెట్టింది. "నువ్వే," అని ఊపిరి తీసుకుంది. "పెట్టుకో."

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, మధ్యాహ్నం దాకా మంచం మీద ఉంచారు. గుండెకు కొత్తగా ఏమీ కాలేదన్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మా మనవరాలి ఈడుది. అంత గట్టిగా ఎందుకు నడిపించారని అడిగింది. నేను డైరీ తెరిచి చూపించాను. ఆధారం ఉందని చూపించడం నాకు అలవాటు.

"ఈ తొంభై రెండు ఎవరు చెప్పిన్రు అంకుల్?"

చెప్పాను.

"అమ్మ వేసుకునే గోలీలల్ల ఒకటి గుండెను ఉరకనియ్యదు. పట్టి ఉంచుతది. అమ్మ ఎంత కష్టపడ్డా అంకె అంత తొందరగ పెరగది. మీ గడియారం మంచిదే. గా తొంభై రెండే అమ్మది గాదు."

"మరి ఎట్ల కొలవాలె?"

"నడుస్తుంటే మాట్లాడియ్యండి. వాక్యం తెగకుండ మాట్లాడితే సరిపోయిన నడక. రెండు మాటలకోసారి దమ్ము తీసుకుంటే తగ్గియ్యండి. ఊకె అంకె సూసుడు గాదు, అమ్మను అడగండి. ఆయాసమైతుందని అమ్మ మీకు చెప్పలేదా?"

మంచం మీదినుంచి నా భార్య అన్నది: "చెప్పిన బిడ్డా. సారు అన్నీ రాసుకుంటడు. గా డైరీల సదువు."

డాక్టరమ్మ పేజీ మీద వేలు పెట్టింది. తేదీ, చుట్లు, గడియారం అంకె, ఆ తర్వాత చివరి గడి. ఆ గడికి నేను పెట్టిన పేరు 'సాకులు'. కింద వరుసగా దమ్ము, కాళ్లు గుంజుడు, తల తిరుగుడు, మళ్లీ దమ్ము. ఆమె పైకి చదవలేదు. డైరీ మూసి నాకిచ్చి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం డైరీలో, స్టెంట్ వేసి ఇంటికి పంపిన నాటి పేజీ తీశాను. మాత్రల పేర్లన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. మూడోదాని పక్కన రాసి ఉంది: గుండె వేగం తగ్గించడానికి. అది రాసినవాణ్ణి నేనే. సర్వీసులో మేం వాడే ప్రామాణిక తూనికరాళ్లను కూడా గడువు ప్రకారం ల్యాబుకు పంపి సరిచేయించేవాళ్లం. ఒక్క గడువు తప్పించలేదు నేను. గడియారాన్ని అనుమానించాను, కట్టుకున్న మనిషిని అనుమానించాను. ఎర్ర సిరాతో నేను రాసుకున్న అంకె మీద మాత్రం అనుమానం రాలేదు.

పీఈటీ సారు మీద కోపం తెచ్చుకోబోయాను. "నేను జెప్పింది మంచిగున్నోళ్ల లెక్క అన్నా. స్టెంటు సంగతి నువ్వు జెప్పలేదు," అన్నాడు. నిజమే, చెప్పలేదు.

నెల దాటింది. ఇప్పుడు మాట్లాడుకుంటూ నడుస్తున్నాం. ఈ పద్ధతిలోనూ నాకు చిక్కులు కనిపిస్తున్నాయి. ఆసుపత్రి మంచం ఆమెకు అసహ్యం. దాన్ని తప్పించుకోవడానికి ఊపిరి బిగబట్టి వాక్యం పూర్తి చేస్తోందేమో తెలియదు. ఒక్కోసారి అర చుట్టు దాకా మాట్లాడదు. అది ఆయాసమా, నా మీద కోపమా తెలియదు. నేను నడక తగ్గిస్తాను. ఆమె కళ్ల చివరతో చూసి, "ఏం లెక్క గడుతున్నవ్?" అంటుంది.

డైరీలో చివరి గడిని నేను రాయడం మానేశాను. ఆమె రాస్తుంది. గడి పేరు కొట్టేసి తన పేరు పెట్టుకుంది. మొన్న మంగళవారం ఇలా రాసింది: 'రెండు చుట్లు. మూడోది గూడ నడవ వశమైతుండె. నడవలే.'

మూడుసార్లు చదివాను. వశమయ్యేదైతే ఎందుకు నడవలేదు? ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెన్ను మూత పెట్టి, నేనూ నాలుగు కాయలు ముందుకు లాక్కున్నాను.