గుట్ట మీద సున్నం బొట్లు

గాలయ్యకు ముందరి పళ్లు రెండు లేవు. శామీర్‌పేట చెరువులో అతని పుట్టి, ఆ గుండ్రటి బుట్ట పడవ, ఎక్కిన పట్నం పిల్లలు మొదట అడిగేది వాటి గురించే. ఒక ఆదివారం మొసలి గుంజుకపోయిందంటాడు. ఇంకో ఆదివారం పెండ్లి విందులో బొక్క కొరికితే ఊడినయంటాడు. పిల్లలు నమ్మినా నమ్మకున్నా కిలకిలా నవ్వుతారు. పక్క పుట్టిలో ఉండే అతని బామ్మర్ది కుమార్ మాత్రం నవ్వడు. ఆ మాట వచ్చినప్పుడల్లా తెడ్డు గట్టిగా వేసి ముందుకు వెళ్లిపోతాడు.

ఆ పళ్లు పోయింది తొంభై ఏడు ఎండాకాలంలో.

అప్పటికి గాలయ్యకు వారమంతా వల, ఆదివారం పట్నం జనం. ఈ రెండో పని అతనికి ఎవరూ నేర్పలేదు. ఒకసారి స్కూటరు మీద వచ్చిన ఆలుమగలు అవతలి గుట్ట మీదికి తోవ ఉందా అని అడిగితే, పుట్టిలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయి చూపించాడు. వాళ్లు మచ్చ బొల్లారం పోయి తమ కాలనీలో చెప్పారు. ఇక అక్కడినుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకుని జనం రావడం మొదలైంది. కట్ట దగ్గర పుట్టి ఎక్కించి, తుంగ పక్కనుంచి కొంగలను చూపిస్తూ అవతలి ఒడ్డుకు చేర్చేవాడు. గుట్ట ఎక్కించి, సీతాఫలం పొదల గుండా దింపేవాడు. దిగేసరికి అతని భార్య బాలనర్సమ్మ ఒడ్డున పెనం మీద చేపలు వేయిస్తూ ఉండేది. గుట్ట మీది ప్రతి రాయికీ అతను పేరు పెట్టాడు. కూసున్న బర్రె, అత్తాకోడండ్ల బండ, తలకాయ లేని పటేలు. పేరు చెప్పాక వాళ్లకు ఆ పోలిక కనిపించేదాకా కదలనిచ్చేవాడు కాదు.

అతనికి రెండు అలవాట్లు ఉండేవి. దిగివచ్చిన ప్రతి మనిషి తలనూ అరచేత్తో తాకేవాడు. పెద్ద ఆఫీసరైనా సరే వదిలేవాడు కాదు. "నేను తోల్కపోయినోన్ని నేనే తోల్కరావాలె, అది నా జిమ్మ" అనేవాడు. రెండోది సున్నం. తంబాకులోకి సున్నం డబ్బీ ఎప్పుడూ మొలలో ఉండేది. పట్నం వాళ్లు ఆయాసపడి వెనకపడతారని, మలుపు వచ్చిన చోటల్లా బండకు బొటనవేలితో సున్నం బొట్టు పెట్టుకుంటూ ముందు నడిచేవాడు. వెనక వచ్చేవాళ్లు బొట్లు చూసుకుంటూ వచ్చేవాళ్లు.

ఆ రోజుల్లో చెరువు మీద ఒక తగాదా నడుస్తోంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగితే బయటపడే నేలను శికం అంటారు. చేపలు పట్టేవాళ్ల పుట్లు, వలలు ఆరేసుకునే గుంజలు, దోసతీగెలు అన్నీ దాని మీదే. మేడ్చల్ వైపు భూములున్న శ్రీనివాస్ అనే ఆసామి అదంతా తన తాత పట్టాలోదే అన్నాడు. ప్లాట్లు కొలవడానికి మనుషులను పంపాడు. శికంలోకి బండి రావాలంటే కట్ట మీదినుంచే రావాలి, కట్ట మొదట్లోనే గుడిసెలు. రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ ఆడవాళ్లు చీపుర్లతో, రాళ్లతో తరిమారు. రెండోసారి జీపు అద్దం పగిలింది, ఒకడి నెత్తి పగిలింది.

తర్వాతి ఆదివారం తెల్లబట్టల వాళ్లు ఐదుగురు వచ్చారు. ముందున్న యువకుడి పేరు అన్వేష్. శ్రీనివాస్‌కు సొంత మేనల్లుడు. ఆ సంగతి గాలయ్యకు తెలియదు.

"అన్నా, నీ పేరు మస్తు విన్నం. మాకు అంత తిప్పి సూపెట్టాలె."

"సూపెడత గని, మీరు ఎక్కగల్గుతరా? గీ బూట్లేంది, పెండ్లికొచ్చినట్టు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు గాలయ్య పొంగిపోయాడు. ఎప్పుడూ చూపించే తోవతో ఊరుకోలేదు. గుట్ట వెనక అత్తాకోడండ్ల బండ పక్కన ఒక సందు ఉంది. పూర్వం గూడెం వాళ్ల ఎడ్లబండ్లు చేపల గంపలతో అటునుంచే పోయేవి. కట్ట మీద రోడ్డు పడ్డాక దాన్ని మరిచిపోయారు. పైనుంచి చూస్తే అక్కడ దారి ఉందని కూడా తెలియదు.

"మా తాత పెండ్లికి పోయింది గిదే తొవ్వల" అన్నాడు గాలయ్య, రాయి మీద చెయ్యి వేసి.

"ట్రాక్టర్ వస్తదా అన్నా?"

"ట్రాక్టరేంది! గీ రెండు రాళ్లు జరిపితే లారీ వస్తది. సీదా శికంల దిగుతది."

వాళ్లలో ఒకడు బూట్లు కాలును కరుస్తున్నాయని వెనకపడ్డాడు. గాలయ్య వాడి కోసం మలుపు మలుపునా సున్నం పెట్టుకుంటూ నడిచాడు. కింద ఐదుగురి తలలూ తాకాడు. బాలనర్సమ్మ వేయించిన చేపలు తిని, అక్కా, మస్తున్నది అని చేతులు కడుక్కుని పోయారు.

మంగళవారం మగవాళ్లంతా చెరువు నడుమ వల లాగుతున్నారు. గుట్ట వెనకనుంచి లారీ వచ్చింది. దిగినవాళ్ల చేతుల్లో గడ్డపారలు, సైకిలు చైన్లు. ఒడ్డున బోర్లించిన పుట్ల అడుగులు పొడిచారు. వలలు కుప్పేసి కిరోసిన్ పోశారు. చేపలవాళ్ల సంఘం పెద్ద సోమయ్య నీడన కూర్చుని వల అల్లుతున్నాడు. అడ్డం లేచినందుకు అతని కుడిచెయ్యి రాయి మీద పెట్టి గడ్డపారతో విరగ్గొట్టారు. ఆ కేక చెరువు నడుమకు వినిపించింది. దుర్గమ్మ అనే ముసలామె మంటలోంచి వల గుంజబోతే జుట్టు పట్టి ఈడ్చారు. బాలనర్సమ్మ ఒకడి చెవి కొరికింది. వాడు ఆమెను కడుపులో తన్నాడు.

మగవాళ్లు పుట్లు తోలుకుంటూ ఒడ్డు చేరేసరికి లారీ తిరుగుతోంది. తెడ్లతో, రాళ్లతో మీద పడ్డారు. లారీ వెనక నిలబడిన ఇద్దరిని కిందికి గుంజి, వాళ్లు కదలడం మానేదాకా కొట్టారు. లారీ ముందు సీటులో తెల్లచొక్కా. గాలయ్య గుర్తుపట్టాడు. అన్వేష్ తల బయటపెట్టి, "కడీలు పట్టుకోని మల్ల వస్తం. గుడిసెలు పీకి పెట్టుకోన్రి!" అని అరిచాడు. కడీలంటే కంచె తీగె కట్టే రాతి స్తంభాలు.

లారీ ఎట్లా వచ్చిందని చూడటానికి కుమార్ గుట్ట మీదికి పరుగెత్తాడు. సందులో రాళ్లు జరిపి ఉన్నాయి. అక్కడినుంచి శికం దాకా ప్రతి మలుపులో బండ మీద తెల్లగా బొటనవేలంత సున్నం. ఆ వేలు ఎవరిదో అడగాల్సిన పని లేదు.

కిందికి వచ్చాడు. గాలయ్య సోమయ్య చేతికి తువ్వాల కడుతున్నాడు. కుమార్ రెండు చేతులా తెడ్డు ఎత్తి బావ మూతి మీద కొట్టాడు.

"గుర్తులు పెట్టి మరీ సూపెట్టినవారా! ఎంతకు అమ్మినవ్?"

గాలయ్య నోట్లోని రక్తంతోపాటు రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. కుమార్ మళ్లీ ఎత్తాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది పడేలోపు బాలనర్సమ్మ కడుపు పట్టుకుని లేచి, ఇనుప పెనం తెచ్చి తమ్ముడి వీపు మీద మోదింది. వాడు మోకాళ్ల మీద కూలాడు.

"అక్కా, నీ మొగడు మన నీళ్లు అమ్ముకున్నడే!"

"అమ్మలేదురా. అమ్ముకునేంత తెలివే ఉంటే నాకీ బతుకెందుకు?" అని మొగుడి వైపు తిరిగింది. "నీ గప్పాలల్ల మన్నువడ! తాత పెండ్లి ముచ్చట అడిగినోళ్లకల్ల చెప్తవా?"

సాయంత్రం సోమయ్య విరిగిన చేతికి బద్దలు కట్టించుకుని వచ్చి తీర్పు చెప్పాడు. "వీడు కావాలని చేసిండో, మంది మెప్పుకు చేసిండో నాకు తెల్వది. ఇగ వీని చేతికి తెడ్డు ఇయ్యొద్దు. పుట్టిల కాలు వెట్టొద్దు."   గాలయ్యకు నోరు వాచి మాట రాలేదు. నీళ్లు తప్ప వేరే బతుకు అతనికి తెలియదు. గౌడవెల్లిలో కూలికి పోయేవాడిగా తనను తాను ఊహించుకున్నాడు. ఊహ కుదరలేదు.

మరునాడు పొద్దున తడిగుడ్డ తీసుకుని ఒక్కడే గుట్ట ఎక్కాడు. బొట్లన్నీ తుడిచాడు, లారీ చక్రాల జాడను ఆకు మండతో చెరిపాడు. తర్వాత సందు మొదట్లో కూర్చుని చాలాసేపు చూశాడు. పట్నం వాళ్లకు బండలన్నీ ఒక్కటేలా ఉంటాయని అతనికి తెలుసు. పేరు చెబితే తప్ప పోలిక పట్టలేరు. డబ్బీ తీశాడు. అత్తాకోడండ్ల బండ దగ్గర కుడికి తిరగాల్సిన చోట ఎడమ రాయికి బొట్టు పెట్టాడు. అక్కడినుంచి కూసున్న బర్రె పక్కగా, తుంగ ఎండిన పల్లంలోకి పెట్టుకుంటూ పోయాడు. ఆ పల్లం పైకి నెర్రెలువారి గట్టి నేలలా కనిపిస్తుంది. కిందంతా నల్ల ఒండు. ఏటా బర్రెలు దిగబడి చస్తాయి. గూడెం పిల్లలు కూడా అటు పోరు.

ఇంటికి వచ్చాక బాలనర్సమ్మ అతని బొటనవేలు చూసింది.

"మల్ల సున్నమా?"

గాలయ్య తల ఊపాడు. ఎండిన పల్లం వైపు చేత్తో చూపించాడు. ఆమె నీళ్ల చెంబు అందించి, "నోరు కడుక్కో, చీము వడుతది" అంది.

వచ్చారు. అన్నట్టే నాలుగో రోజు, ముందు జీపు, వెనక కడీల ట్రాక్టరుతో. అన్వేష్ దారి చూపిస్తూ ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడ్డాడు. బొట్టు కనిపించిన ప్రతిచోటా ముందు జీపుకు వినబడేలా అరిచి చెయ్యి అటు ఊపాడు. జీపు ముందు చక్రాలు ఒండులోకి దిగాయి. వెనక ట్రాక్టరు బ్రేకు పడక దాన్ని గుద్దింది. ట్రాలీ ఒరిగింది. కడీలు జారాయి, వాటితోపాటు అన్వేష్ జారాడు. ఒక కడీ అతని కాలు మీద పడింది. ఎముక పటుక్కుమన్న చప్పుడు కట్ట దాకా వచ్చిందని దుర్గమ్మ ఇప్పటికీ చెబుతుంది.

గూడెం మొత్తం రాళ్లతో గట్టు మీదికి చేరింది. ఒండులోంచి పాకుతూ బయటపడ్డవాళ్లను బయటపడ్డట్టే కొట్టారు. ఒకడి దవడ, ఇంకొకడి కన్ను. దొరకనివాళ్లు అన్వేష్‌ను వదిలేసి సందులోకి పారిపోయారు. అతను ఛాతీ దాకా దిగబడ్డాడు. కదిలిన కొద్దీ దిగుతున్నాడు.

"అన్నా! గాలయ్యన్నా!" అని ఏడ్చాడు.

"దిగు బిడ్డా, దిగు" అన్నాడు కుమార్. "చెర్వు కావాలంటివి గదా, మొత్తం నీదే."

జనం నవ్వారు. గాలయ్య నవ్వలేదు. గట్టు మీద బోర్లించి ఉన్న కుమార్ పుట్టిని తిప్పాడు. తెడ్డు తీసుకున్నాడు. అది తన మూతి మీద పడ్డ తెడ్డే.

"పుట్టి ముట్టకు బావా! సంఘం మాట!" కుమార్ అడ్డం వచ్చాడు.

"నేను తోల్కపోయినోడు" అన్నాడు గాలయ్య. పళ్లు లేని నోట్లోంచి మాట గాలిలా వచ్చింది. "నా సున్నం మీద వచ్చిండు. వాడు ఆడ చస్తే తోల్కపోయి సంపినోన్ని నేను. ఇగ నా యెనక ఎవడు ఎక్కుతడు?"

సున్నం అన్నాక అందరూ గుట్ట వైపు చూశారు. బొట్లు కొత్తవని, దారి తప్పించాయని అప్పుడు అర్థమైంది. విరిగిన చెయ్యి మెడకు వేలాడేసుకున్న సోమయ్య, "జరుగు కుమారూ" అన్నాడు.

పుట్టి ఒండు మీద పెనంలా జారింది. గాలయ్య బోర్లా పడుకుని, తెడ్డును కడీ కిందికి దూర్చి ఎత్తాడు. అన్వేష్ చంకల్లో తాడు వేశాడు. గట్టు మీదినుంచి తాడు లాగింది కుమారే, లాగినంతసేపూ బూతులు తిడుతూనే లాగాడు. కాలు బయటికి వచ్చినప్పుడు పాదం వెనక్కి తిరిగి ఉంది. అతని అరుపుకు తుంగలోని కొంగలన్నీ లేచాయి.

గట్టు మీద గాలయ్య అతన్ని బండకు ఆనించి కూర్చోబెట్టాడు. మొహం మీది బురద తన తువ్వాలతో తుడిచాడు. నీళ్లు తాగించాడు. ఎప్పటిలాగే అరచేత్తో తల తాకాడు.

"తెచ్చిన" అన్నాడు. "ఇగ నా జిమ్మ తీరింది."

ఆ చేతినే పిడికిలి చేసి మూతి మీద ఒక్క దెబ్బ వేశాడు. అన్వేష్ ముందరి పళ్లు రాలి ఒళ్లో పడ్డాయి.

కేసులు రెండు వైపులా పడ్డాయి. ఏళ్ల తరబడి గాలయ్య కోర్టుకు తిరిగాడు, కొంతకాలం లోపల కూడా ఉన్నాడు. శ్రీనివాస్ కంచె గుట్ట అవతల పడింది, శికంలోకి మాత్రం రాలేదు. గాలయ్య బయటికి వచ్చిన వారం, ఆదివారం పొద్దున, కుమార్ కొత్త పుట్టికి తారు పూసి తెచ్చి కట్ట దగ్గర పెట్టాడు. తెడ్డు దానిలోనే ఉంది.

"ఎక్కు. మంది ఎదురుసూస్తున్నరు."

"సోమయ్య కాక ఏమన్నడు?"

"గాయన్నే తారు పూయమన్నడు. ఎక్కు బావా."

గాలయ్య ఎక్కాడు. సున్నం డబ్బీ మొలలో ఉంది గానీ ఇప్పుడు తంబాకుకే. వెనకపడ్డవాళ్ల కోసం నిలబడతాడు. ఎంతసేపైనా నిలబడతాడు. ఆ రోజు మొదటి పుట్టిలోనే భవిత అనే చిన్నపిల్ల అడిగింది, తాతా, నీ పళ్లేవని.

పక్క పుట్టిలో కుమార్ తెడ్డు ఆగింది.

"మొసలి బిడ్డా" అన్నాడు గాలయ్య. "గింత పొడుగు మొసలి."