ప్రార్థన పెట్టె ప్రవక్త

ఆ రోజుల్లో, ఒక ఊరిని బాగుచేయడానికి ఒక ట్రంకు పెట్టె, ఒక టేబుల్ ఫ్యాను, నాలుగు పాయింట్ల ప్రసంగం సరిపోతాయని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. సెమినరీ నుంచి అప్పుడే బయటపడ్డాను. ఇరవై నాలుగేళ్ళు, మెడలో టై (సముద్రం ఒడ్డున మిట్టమధ్యాహ్నం టై కట్టుకుని తిరిగినవాణ్ణి ఆ ఊరు అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా చూసి ఉండదు). నెల్లూరులో బస్సెక్కి, దిగి, ఆటోలో ఇంకో ముప్పావుగంట తూర్పుకు వెళితే వచ్చే ఒక చేపలు పట్టేవాళ్ళ ఊరికి నన్ను పాస్టరుగా పంపారు. మాది బుచ్చిరెడ్డిపాలెం. వరిచేల మధ్య పెరిగినవాణ్ణి. అక్కడ ఎటు చూసినా ఇసుక, సరుగుడు తోపులు, ఎండుచేపల వాసన. చర్చి వెనక ఒక్క గది, అందులో నేను. ఊరివాళ్ళు మంచివాళ్ళే, కానీ నన్ను మరీ గౌరవించేవాళ్ళు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ పకపకా నవ్వుకునేవాళ్ళు నేను రాగానే లేచి నిలబడి, “అయ్యగారొచ్చినారు” అని నోరు మూసుకునేవారు. నేను దాటి వెళ్ళాక మళ్ళీ నవ్వులు మొదలయ్యేవి. అట్లా రోజుకు నాలుగుసార్లు నేను ఊరి నవ్వును ఆపుతూ తిరిగేవాణ్ణి. ఇక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ఫ్యాను తప్ప పలికేది లేదు.

ఆ ఊరి సంఘపెద్దను అందరూ గంట తాత అనేవారు. చర్చి గంట ఆయనే కొట్టేవాడు, ఆయనే ఊడ్చేవాడు. మోకాళ్ళు పట్టేశాక వేటకు పోవడం మానేశాడు, భార్య పోయాక చర్చి పక్కనే చిన్న రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. అయిదో తరగతి దాకా చదివాడు కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఏదైనా చదవగలిగేవాడు. ఈ చివరి సంగతి నేను అప్పట్లో పట్టించుకోలేదు.

నేను వెళ్ళిన కొత్తలో ఒక ఘనకార్యం చేశాను. చర్చి గుమ్మం దగ్గర ఒక ప్రార్థన పెట్టె పెట్టించాను. నలుగురిలో చెప్పుకోలేని బాధను చీటీ మీద రాసి అందులో వేస్తే నేనొక్కణ్ణే చదివి ప్రార్థన చేస్తానని ప్రకటించాను. దానికి తాళం కూడా వేశాను. తాళంచెవిని మాత్రం పోకుండా ఉండాలని పెట్టెకు రెండడుగుల దూరంలో, తలుపు వెనక మేకుకు తగిలించాను (సెమినరీలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది).

రెండు నెలలు గడిచేసరికి గంట తాత ప్రవక్త అయ్యాడు. శుక్రవారం ఉపవాస కూడికలో నేను ముప్పావుగంట చెమటోడ్చి ప్రసంగం చేసి కూర్చున్నాక ఆయన నెమ్మదిగా లేచేవాడు. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి ఎత్తి, “ఈడ ఒక తల్లి ఉండాది. ఆమె మొగుడు మళ్ళీ తాగతా ఉండాడు. ప్రభువు చూస్తా ఉండాడు తల్లీ” అనేవాడు. ఎక్కడో ఒక మూల ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. జనం పెరిగారు. గంట తాతకు ముందు వరసలో కుర్చీ వచ్చింది. పక్క ఊళ్ళ నుంచి ఆటోలు వచ్చాయి. నేను నిజంగానే ఆయనకు వరం వచ్చిందనుకున్నాను, ఇన్నేళ్ళు చదివిన నాకు రాలేదేమని రెండు రాత్రులు దేవుడి మీద అలిగాను కూడా.

ఒక శుక్రవారం ఆయన కళ్ళు మూసుకుని, “ఒక ఆడబిడ్డకు ఫిట్సు వస్తా ఉండాయి. పెళ్ళివాళ్ళకు చెప్పలేక తల్లి కుమిలిపోతా ఉండాది” అన్నాడు. ఆ ఊళ్ళో పెళ్ళి కుదిరిన ఆడపిల్ల ఒక్కతే ఉంది. పొద్దున్నే బడి ఎదురుగా ఇడ్లీలు అమ్మే ఇడ్లీ అక్క కూతురు. ఆ రోజు కూడికకు పెళ్ళికొడుకు పెద్దమ్మ కూడా వచ్చి ఉంది. ఆమె లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మరుసటి రోజుకు సంబంధం తప్పిపోయింది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి పెట్టె తెరిచాను (చదివి ప్రార్థన చేస్తానని ప్రకటించానే గానీ, ప్రసంగాల తయారీలో పడి అప్పటిదాకా తెరవలేదు). ఇడ్లీ అక్క వంకర అక్షరాలతో రాసిన చీటీ అన్నిటికన్నా పైన ఉంది. అప్పుడు పాత చీటీలన్నీ తీసి చూశాను. రెండు నెలల ప్రవచనాలు అందులోనే ఉన్నాయి.

గద్దించాలి. అది నా పని. కానీ ఊళ్ళో నాతో అయిదు నిమిషాలైనా నిలబడి మాట్లాడే మనిషి ఆయనొక్కడే. మొదట నాలుగు పాయింట్లు కాగితం మీద రాసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే పీట వేసి పళ్ళెంలో పీతల కూర పెట్టాడు. పీత డెక్క పళ్ళ మధ్య ఇరికించుకుని ఎవరినైనా గద్దించడం ఎట్లాగో మాకు నేర్పలేదు. తిని వచ్చేశాను. ఆ ఆదివారం రహస్యాలు బయటపెట్టేవారి గురించి ప్రసంగం చేశాను, ఆయన వైపే చూస్తూ. అయిపోయాక ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, “బాగా చెప్పినారయ్యా. మనోళ్ళలో అట్టాంటోళ్ళు ఉండారు, వాళ్ళకు తగలాల” అన్నాడు.

ఈలోగా ఇడ్లీ అక్క దుకాణం మూతపడింది. ఆమె కూతురు ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. ఎండుచేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ళు ఆ ఇంటి ముందు నడుస్తూ గొంతు తగ్గించేవారు. ఇక లాభం లేదని, ఆయన్ని సాక్ష్యంతో పట్టుకోవాలనుకున్నాను. ఒక దొంగ చీటీ రాసి పెట్టెలో వేయాలి, ఆయన దాన్ని ప్రవచించాలి, నేను లేచి నిలబడాలి. గురువారం మధ్యాహ్నం కాగితం ముందు కూర్చున్నాను. అబద్ధపు ప్రార్థన రాయడానికి చెయ్యి రాలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, చివరికి ఎడమచేత్తో (గుర్తుపట్టకూడదు కదా) ఇట్లా రాశాను. “నేను ఈ ఊరికి కొత్త. మాట్లాడటానికి ఎవరూ లేరు. ఒక్కణ్ణే తింటుంటే ముద్ద దిగడం లేదు. వెళ్ళిపోవాలని ఉంది.” రాశాక గానీ అది నిజమని నాకే తెలియలేదు.

శుక్రవారం గంట తాత లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే నిలబడి, “ఈరోజు ప్రభువు నాకేం చూపించలా” అని కూర్చున్నాడు. ఆటోల్లో వచ్చినవాళ్ళు నిరాశగా వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నం నా తలుపు చప్పుడైంది. గంట తాత, చేతిలో క్యారియరు. కింద కూర్చుని రెండు పళ్ళేలు పరిచాడు. మామిడికాయ వేసిన చేపల పులుసు. “ఇద్దరికీ తెచ్చినా. ఇంక రోజూ ఇద్దరం కలిసే తిందాం. పోబాకయ్యా ఊరిడిచిపెట్టి” అన్నాడు.

నాకు కావలసిన సాక్ష్యం ఆవిర్లు కక్కుతూ నా ముందే ఉంది.

“అది నేను రాసినట్టు నీకెట్లా తెలిసింది తాతా?” అన్నాను.

“ఎడంచేత్తో రాసినా దీర్ఘాలన్నీ సరిగ్గా ఉండాయి. మనూళ్ళో ఎవురు పెడతారు దీర్ఘాలు?” అని నవ్వబోయి, తను ఏమి ఒప్పుకున్నాడో అర్థమై ఆగిపోయాడు.

“ఇడ్లీ అక్క చీటీ కూడా చదివినావు.” నా గొంతు మేకపిల్ల గొంతులాగా వణికింది.

ఆయన పులుసులో చెయ్యి పెట్టి తీయలేదు. “చదివినా” అన్నాడు. “గంట అందరూ వింటారయ్యా. కొట్టేవాణ్ణి ఎవురు చూస్తారు? ఒకసారి కళ్ళు మూసుకోని చెప్పినా. కుర్చీ ఏసినారు. మా ఆడమనిషి పోయినాక నన్ను ‘కూచో’ అన్నోళ్ళు లేరు. ఆ పెళ్ళికొడుకు పెద్దమ్మ వచ్చిందని నాకు తెలవదు. కళ్ళు మూసుకోని ఉండా గదా.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ కుర్చీ సంగతి నాకు తెలియనిదా? నేనూ రోజూ నన్ను చూసి నలుగురు లేచి నిలబడినప్పుడల్లా, వాళ్ళలో ఒక్కడైనా కూర్చుని మాట్లాడితే బాగుండుననుకునేవాణ్ణే. “తాతా, ఆ పిల్ల ఇల్లు కదలడం లేదు. నువ్వు వాళ్ళింటికి పోయి చెప్పాలి. తర్వాత చర్చిలో చెప్పాలి. అందరి ముందు జరిగింది, అందరి ముందే సరిచేయాలి.”

“నీకు చెప్పినా గదయ్యా. ఇంతటితో పోనీకూడదా? మొగం ఎట్టా ఎత్తుకునేది?”

“నీ పక్కన నేను నిలబడతా. తాళంచెవి మేకుకు తగిలించింది నేనే కదా.” అంతవరకు బాగానే అన్నాను. తర్వాత నా నోరు నా మాట వినకుండా, “రేపు కూడా తినడానికి వస్తావు కదా?” అని అడిగేసింది. అంత గద్దింపూ అయ్యాక.

ఆ సాయంత్రమే వెళ్ళాం. ఇడ్లీ అక్క గడప మీద కూర్చుని అంతా విన్నది. ఆయన్ని తిడుతుందనుకున్నాను. ఆమె ఇసుక వైపు చూస్తూ, “దేవుడే బయట పెట్టినాడనుకున్నా తాతా. నెల రోజులుగా ఆయనతో మాట్లాడలా. నువ్వా?” అన్నది. ఆ “నువ్వా”కు ఆయన నేల మీద కూలబడ్డాడు. లోపలినుంచి కూతురు వచ్చింది. “దాచిపెట్టి పెళ్ళి చేసుకోవడం నాకూ ఇష్టం లేదు. కానీ చెప్పాల్సింది నేను. అది నా మాట తాతా, నువ్వు తీసుకున్నావు” అన్నది. నా నాలుగు పాయింట్ల కాగితం జేబులోనే ఉండిపోయింది.

ఆదివారం ఆయన చర్చిలో నిలబడి, కళ్ళు తెరుచుకునే, అంతా చెప్పాడు. నేను పక్కన నిలబడి తాళంచెవి సంగతి చెప్పాను. ఒక ముసలమ్మ లేచి, “నా నడుం నొప్పి తగ్గుతాదని చెప్తివే, అది కూడా చీటీలోదేనా?” అని అడిగింది. “అది నేనే అనుకోని చెప్పినా పిన్నమ్మా” అన్నాడు. “తగ్గింది గదా మరి” అని ఆమె కూర్చుంది. మిగతావాళ్ళకు నవ్వు రాలేదు. ప్రవక్తను పోగొట్టానని సగం మందికి నా మీద కోపం, మోసం చేశాడని అందరికీ ఆయన మీద కోపం. తర్వాతి శుక్రవారం ఆటోలు రాలేదు. నేను, గంట తాత, నడుం నొప్పి ముసలమ్మ. ఒడ్డున నన్ను చూసి లేచి నిలబడటం కూడా మానేశారు. లేవకుండానే మాటలు ఆపేసేవారు. వానాకాలం వచ్చేదాకా మేమిద్దరం ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుని, పెద్దగా ఏమీ మాట్లాడుకోకుండా అన్నం తిన్నాం. ఒంటరితనం పోలేదు, ఇద్దరి మధ్యా సర్దుకుంది.

ఇడ్లీ అక్క కూతురు చాలా వారాల తర్వాత ఒక ఆదివారం వచ్చి, గంట తాత ఊడ్చిన మెట్ల మీద కాసేపు నిలబడి లోపలికి వచ్చింది. క్షమించానని అనలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు తడ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తోంది. మాత్రలు వేసుకుంటోంది. హాస్టల్లో చేరిన మొదటి రోజే తనకు ఫిట్సు వస్తే ఏం చేయాలో తోటివాళ్ళకు తనే చెప్పిందట. గంట తాత పోయి మూడేళ్ళయింది.

నేనిప్పుడు కొంచెం పెద్ద సంఘంలో ఉన్నాను. తప్పు చేసినవాళ్ళను పిలిచి మాట్లాడటం బాగా వచ్చింది. తలుపు వేస్తాను, మంచినీళ్ళిస్తాను, నెమ్మదిగా, స్పష్టంగా చెబుతాను. వాళ్ళు తల ఊపి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. భోజనానికి ఉండమని నేనూ అనను, వాళ్ళూ అడగరు. ఆ శనివారం నా గొంతు వణికినందుకు చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను. ఈ మధ్య, అది వణకడం ఎప్పుడు మానేసిందా అని ఆలోచిస్తూ, ఆ టై కట్టుకున్న కుర్రాణ్ణి తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటున్నాను.