మందుల కవరు మీద సూర్యుడు

ఈ పొద్దున మా బాపుకు బీపీ మాత్రలు నేను కాగితం కవరులో వేస్తుంటే, హన్మకొండలో ఆయన నడిపిన మందుల షాపు గుర్తొచ్చింది. చదువురానివాళ్లకు బాపు కవరు మీద పొద్దుటి మాత్రకైతే సూర్యుణ్ణి, రాత్రి మాత్రకైతే చంద్రుణ్ణి గీసిచ్చేవాడు. చిన్నప్పుడు నేను, అందరికీ బొమ్మలు పంచుతూ నన్నే మరిచిపోయాడనుకున్నాను. ఒకరోజు వెళ్లి కౌంటరు ముందు అందరితోపాటు నిలబడ్డాను.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే. నాగ్గూడ బొమ్మ కావాలె."

బాపు నవ్వలేదు. కవరు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసి, లోపల రెండు పిప్పరమెంట్లు వేశాడు.

"పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి. మర్వకు."

జ్వరం లేకపోయినా ఆ కోర్సు శ్రద్ధగా పూర్తిచేశాను.

ఇవాళ బాపు కవరు మీద నేనే సూర్యుణ్ణి గీసిచ్చాను. ఆయన లోపలికి తొంగిచూసి అడిగాడు:

"పిప్పరమెంటేది బిడ్డా?"