కుక్కల ఫొటోగ్రాఫర్ తీసిన మా జంట ఫొటో

జమ్మికుంటలో కుక్కల ఫొటోలు తీసిన ఆయన మంచితనం గురించి ఊరంతా చెబుతుంది. ఆయన చేతిలో నాకు జరిగిన అవమానం గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజులవి. ఆయన ప్రాణంగా పెంచుకున్న కుక్క ఒక్క ఫొటో అయినా దిగకుండానే చనిపోయింది. చేతిలో కెమెరా ఉండి కూడా రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాడట. ఆ దిగులుతోనే స్టూడియో బోర్డు మీద 'కుక్కల ఫొటోలు తీయబడును' అని రాయించాడు. గొర్రెల కాపరులు సైతం తమ కుక్కలకు స్నానం చేయించి తెచ్చేవారు. అవి తనవైపు చూడాలని ఆయన కెమెరా మీద కప్పిన నల్లగుడ్డలో తల దూర్చి 'చ్చొ చ్చొ' అనేవాడు.

పెళ్లయిన కొత్తలో నా భార్యతో ఫొటో దిగడానికి వెళ్లాను. బిగుసుకొని పక్కకు చూస్తూ కూర్చున్నాను. నల్లగుడ్డలోంచి 'చ్చొ చ్చొ' అని వినిపించింది.

"నేనేమన్న కుక్కనా?" అని కసిరాను.

"కుక్కయితే ఎప్పుడో ఇటు సూసేది సార్. జర కదలకుండ్రి," అన్నాడాయన.

నా భార్య పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఫొటో తీసేశాడు. అందులో ఆమె నవ్వుతోంది, నేను ఉరిమి చూస్తున్నాను. దాన్ని తీసుకెళ్లి రెండు వేటకుక్కల ఫొటోల నడుమ, బజారుకు కనబడే అద్దాల్లో పెట్టాడు. తీసేయమన్నాను.

"అమ్మ నవ్వు మంచిగొచ్చింది సార్, ఉండనియ్యుండ్రి," అన్నాడు. నా ముఖం సంగతే ఎత్తలేదు.

ఆయన పోయాక ఆ ఫొటోను అడిగి తెచ్చి మా గోడకు తగిలించింది నా భార్యే.

"ఆయన మాటకు నవ్వినవా, నా మొఖం జూసి నవ్వినవా?" అని ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. అడిగినప్పుడల్లా మళ్లీ నవ్వుతుంది. నవ్వితే కుదరదు. ఇది చదివాకైనా ఆమె నాకు మాటల్లో జవాబు చెప్పాలి.