బాపు కొన్న మొద్దు చాకు

మొన్న మా తమ్ముడి కొడుకు అట్టపెట్టె విప్పగానే కొత్త ఇనుముకు రాసిన నూనె వాసన గుప్పుమంది. లోపల మడత చాకు. వాడికి కొండలెక్కే పిచ్చి. ఎప్పుడూ జేబులో ఉండే పాత చాకును ఎక్కడో పారేసుకొని, దాని బదులు ఇంకొకటి ఎంచుకోవడానికి వారం పాటు ఫోన్లో తల దూర్చి కూర్చున్నాడు. అన్నం తినేటప్పుడూ అదే ధ్యాస, ఈ పిడి బాగుందా ఆ పిడి బాగుందా అని. తీరా అది వచ్చాక నా ముందే కాగితం సర్రున కోసి, "పదును చూడు అత్తమ్మా!" అన్నాడు. బాగుందిరా అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. వాడికేం తెలుసు, పాపం. మా ఇంట్లో చాకు పదును గురించి ఎవరూ గొప్పగా మాట్లాడరు.

మాది జఫర్‌గఢ్ దగ్గరి పల్లె. తెలంగాణ కావాలని ఆందోళన జరిగి బడులన్నీ మూతపడ్డ ఏడు నాకు ఎనిమిదేళ్లు. పలక అటకెక్కింది, నేను బాపు, అదే మా నాన్న వెనక తోకలా తిరిగేదాన్ని. బాపు బనీను జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. కలప కోసం బండ్లు కట్టుకొని భూపాలపల్లి అడవికి పోయినప్పుడు అక్కడి కమ్మరి లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిచ్చాడట. పిడి బర్రెకొమ్ముది. పొద్దున పండ్లపుల్ల చివర చెక్కడంతో మొదలై, ఎద్దు గిట్టలో ఇరుక్కున్న రాయి పీకడం, పలుపుతాడు కోయడం, విత్తనాల బస్తా కుట్టు విప్పడం, పొగాకు కాడ తుంచడం, ఎండాకాలమైతే వాడకట్టు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ముంజలు ఒలవడం, బతుకమ్మ పండుగకు అమ్మ ముందర కూర్చొని గునుగుపూల కాడలు సమంగా కోసివ్వడం, చలికాలంలో చెరుకుగడ చెక్కి గనుపు గనుపుకూ ఒక పిల్ల పేరు పెట్టి పంచడం, అన్నీ దాంతోనే. పని కాగానే పంచెకు అటూ ఇటూ రుద్ది టక్కున మడిచేవాడు, దానికి అదే స్నానం. తీరిక దొరికితే చాలు, బండరాయి మీద నూరేవాడు. అది అద్దంలా మెరిసేది. బాపును కన్న తల్లి, మా బాపమ్మ, "మీ బాపు దోతి మర్చిపోతడేమో గని చాకు మర్వడు" అని ఎగతాళి చేసేది. బాపు సిగ్గుపడుతూనే మురిసిపోయేవాడు.

ఆ ఏడే వరికోతల్లో అమ్మ నీళ్లాడింది. నా తర్వాత చాలా ఏళ్లకు, మగపిల్లవాడు. మంత్రసాని బొడ్డు కోయడానికి కొడవలి అడిగింది. బాపమ్మ గడపలోకి వచ్చి, "కొడవండ్లన్ని పొలంకాడనే ఉన్నయి కొడుకా. నీ చాకియ్యి, గదైతె మంచిగ తెగుతది" అంది. వాకిట్లో నిలబడ్డ బాపు చాకు తీసి, చెంబెడు నీళ్లతో కడిగి, పంచెతో తుడిచి, గడప పక్కన నేల మీద పెట్టాడు. కత్తిని చేతి నుంచి చేతికి ఇస్తే పగ పెరుగుతుందని మా దగ్గర నమ్మకం. బాపమ్మ వంగి తీసుకుంది. తన చాకే కొడుకును లోకంలోకి తెస్తోందని ఆ పూట బాపు ముఖంలో ఎంత గర్వమో! పని అయ్యాక మళ్లీ కడిగి దాన్నే పిల్లవాడి తలాపున పెట్టారు. పక్కన ఇనుముంటే గాలీ ధూళీ సోకవంటారు మరి.

పురుడు చేయకముందే పిల్లవాడు పాలు పట్టడం మానేశాడు. దవడలు బిగుసుకున్నాయి. తలుపు చప్పుడైనా చాలు, ఒళ్లంతా కొయ్యబారి విల్లులా వంగేది. బాపమ్మ దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది. బాపు ఆగలేక బండి కట్టి, బస్సు పట్టుకొని, మమ్మల్నందరినీ జనగామ దవాఖానకు తీసుకుపోయాడు. అమ్మ ఒడిలో పిల్లవాడు, వాడి పొత్తిగుడ్డల్లో కాపలాగా ఆ చాకు.

డాక్టరు కోస్తా వైపు మనిషి. పిల్లవాడిని చూడగానే, "బొడ్డు దేనితో కోశారండీ?" అని అడిగాడు.

బాపు పొత్తిగుడ్డల్లో చేయి పెట్టి చాకు తీసి చూపించాడు. "గిది సార్. మంచిగ కడిగిన. జరంత గూడ తుప్పు లేదు."

డాక్టరు పిల్లవాడి బొడ్డు వంగి చూశాడు. "తుప్పుతో పనిలేదండీ. పేడా మట్టీ తగిలిన ఇనుముతో కోస్తే ఈ జబ్బు వస్తుంది. ఉత్త నీళ్లతో కడిగితే పోదు. తెలియక జరిగింది, మీరు మాత్రం ఏం చేస్తారు?"

ఆ చివరి మాట బాపు చెవికెక్కలేదు. ఆ సాయంత్రమే పిల్లవాడు పోయాడు. ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డును మా చెలకలో పూడ్చారు. తలాపున ఉన్న ఇనుము వాడితోనే పోనీ అని బాపు చాకును గుంటలో పెట్టబోతే, అమ్మ అడ్డం పడి, "నా కొడుకు పక్కపొంటి గది వద్దు!" అని అరిచింది. బాపు దాన్ని తీసుకుపోయి మోటబావిలో విసిరేశాడు.

అప్పటినుంచి ఆయన జేబు ఖాళీ. చెరుకు పళ్లతో చీల్చేవాడు, బస్తా కుట్లు గోళ్లతో పీకేవాడు, పలుపు బిగుసుకుంటే పక్క చేనువాళ్లను కేకేసేవాడు. వేసవి వచ్చింది, మామిడికాయలు బండకేసి కొట్టుకొని తిన్నాం. అమ్మ చాకు కొనుక్కోమంటే తొర్రూరు అంగడికి పోయేవాడు, "మంచిది దొర్కలే" అని ఉత్తచేతులతో వచ్చేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. గోనెపట్టా మీద పరిచిన చాకులు ఒక్కొక్కటే విప్పడం, బొటనవేలితో పదును చూడటం, మడిచి పెట్టేయడం. దీని కీలు వదులు, ఇది బరువు, దీని పిడి గరుకు. పదునున్నవాటికే వంకలెక్కువ. ఏదీ కొనకుండా వెనక్కి రావడానికే అంత దూరం పోతాడని నాకే తెలిసిపోయింది.

అమ్మకు మళ్లీ నెల తప్పింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, "ఆ పొద్దు కడుపుమంటతోని ఒర్రిన. నువ్వు సంపినవని గాదు. నీ జేబు సూసినప్పుడల్లా నా గుండె పల్గుతాంది. నా కోసమన్న ఓ చాకు తెచ్చుకో" అంది. బాపు నీళ్లు తాగి లేచాడు. మరుసటి అంగడికి నన్ను వెంటబెట్టుకొని బయల్దేరాడు.

చాకులమ్మే ముసలాయన, "దేనికి పటేలా? పండ్లకా, పశువులకా?" అని అడిగాడు. మునుపటి బాపయితే అన్నిటికీ అనేవాడు.

"పండ్లకే. ఇంక దేనికొద్దు."

ముసలాయన మంచివన్నీ ముందుకు జరిపాడు. బాపు వాటిని దాటి, పట్టా అంచున పడి ఉన్న రేకులాంటి చాకును తీసుకున్నాడు. వేలితో గట్టిగా రుద్దినా గీత పడలేదు.

"బాపూ, గిది తెగుతలేదు గదా!" అన్నాను.

"తెగకుంటెనే మంచిది బిడ్డా. ఎవ్వలు అడుగరు."

నవ్వబోయిన ముసలాయన బాపు ముఖం చూసి మిగతా చాకులు సర్దుకున్నాడు.

ఈసారి అమ్మ కాన్పు జనగామ దవాఖానలోనే. కాన్పుగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా బాపు నర్సుకు అడ్డం పోయి, "అమ్మా, కత్తెర ఉడకవెట్టిండ్రా?" అని అడిగేవాడు. ఆమె విసుక్కుంది. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్నడని చుట్టాలు గుసగుసలాడారు. ఆడనీ, వాళ్ల నోళ్లు పడ! మా తమ్ముడు పుట్టాడు, బతికాడు. ఆ మొద్దు చాకు మాత్రం కడదాకా బాపు జేబులోనే ఉంది. ఒక్కసారైనా నూరలేదు. దాంతో మామిడిపండు కోస్తే ముక్క ముద్దయి, రసం మోచేతుల దాకా కారేది. "పటేలు చాకుకు వెన్న గూడ తెగది" అని ఊళ్లో నవ్వేవాళ్లు. మేం నవ్వలేదు. ఇంట్లో వంటకత్తి ఉన్నా అమ్మ ప్రతి పండూ బాపు ముందే పెట్టి, "నాకో ముక్క కోసియ్యి" అనేది. నలిగిన ముక్కను నోట్లో వేసుకొని, "మంచిగున్నది" అనేది.

ఇప్పుడు అమ్మా లేదు, బాపూ లేడు. జేబులో చాకుతో పొలానికి పోయే మనుషులు లేరు, ముంజలు ఒలిచి సంచుల్లో పోసి రోడ్డు మీద అమ్ముతున్నారు, గునుగుపూలు వెతకాలంటే గుట్ట దాకా పోవాలి. అన్నిటికీ బాధపడతాను, అది నా వయసు గుణం. పోయిన చలికాలం ఊరికి పోయినప్పుడు, పసిపిల్లలకు సూదులు వేయడానికి వచ్చిన నర్సమ్మను ఆ జబ్బు గురించి అడిగాను. బాపు ఇచ్చిన చాకు నుంచి ఆ పసిగుడ్డుకు వచ్చిన జబ్బు.

"సదువుకునేటప్పుడు సెప్పిండ్రు అమ్మా. గని ఒక్క పిల్లగానికి వచ్చుడు సుత నేను సూడలే. ఎట్లుంటది?" అంది.

వెంటనే బాపు దగ్గరికి పరుగెత్తి, అది పోయింది బాపూ, ఇక ఎవరి పిల్లలకూ రాదట, అని చెప్పాలనిపించింది. వినడానికి బాపు లేడు.