మస్తాను హస్తవాసి

గోరంత రంగుపెచ్చు ఎనిమిదేళ్లుగా నా గుండె మీద బండరాయిలా కూర్చుంది. ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఇలా రాయగలుగుతున్నాను.

కడపలో కార్లు బాగుచేస్తాను. కోతలు కోయడంలో అంతకంటే పెద్ద పేరు నాకు. గండికోట లోయలో పడిన కారు ఎగిరి అవతలి గట్టున నిలబడిందని చెబితే నమ్మినవాళ్లున్నారు.

వేంపల్లె రెడ్డిగారి పాత కారుకు అడుగు నుంచి పైదాకా నల్లరంగు వేశాను. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, పోయే ఎర్త్ వైరును ఆ కొత్త రంగు మీదే బిగించేశాను. రంగు కరెంటును పోనివ్వదు; దాన్ని గీకి, ఇనుము కనబడ్డాకే బోల్టు బిగించాలి. తెలియక కాదు, తొందర. నెల తిరక్కముందే బండి మొరాయించింది. లైట్లు మిణుకుమిణుకు. ప్లగ్గులో నిప్పురవ్వ ఉందా లేదా అన్నట్టు. స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పీ తిప్పీ రెడ్డిగారి డ్రైవరు మస్తాను భుజాలు పడిపోయాయి.

బండిని నా షెడ్డుకు తెచ్చారు. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి బ్యాటరీ రెండు కొసలకూ ఆనించాను. భగ్గున వెలిగింది. ఎర్త్ వైపు తీగ తీసి ఛాసిస్ ఇనుముకు ఆనించాను. వెలుగు కునికింది. కరెంటు నేను రంగు మీద బిగించిన బోల్టు దగ్గరే ఆగిపోతోంది.

"ఏమప్పా, యాడుండాది రోగం?" అన్నారు రెడ్డిగారు, పదిమందిలో.

నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "బండికేం రోగం లేదు సామీ! మా మస్తానన్నకే హస్తవాసి లేదు. వైద్యుని చెయ్యి మంచిది కాకపోతే మందు పనిచేస్తాదా? ఇదీ అంతే. ఆ చెయ్యి తగిల్తే కరెంటంతా పీల్చేస్తాది."

అందరూ విరగబడి నవ్వారు. మస్తానూ నవ్వాడు. నవ్వనిది రెడ్డిగారొక్కరే.

వారంలో మస్తానును తీసేసి కొత్త డ్రైవరును పెట్టుకున్నారు. అప్పుడు గుట్టుగా బోల్టు విప్పి, రంగు గీకి, మళ్లీ బిగించాను. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. నా కోత నిజమైపోయింది. ఆ పని తప్పు దాచుకోవడానికి చేశానా, లేక పదిమందిలో చెప్పిన కథ ఎలాగైనా నెగ్గాలన్న పాడు సరదాతో చేశానా అని ఇన్నేళ్లూ నన్ను నేను తవ్వుకుంటూనే ఉన్నాను. తేలలేదు. రెండూ కావచ్చు.

ఆ తర్వాత మస్తానుకు ఎవరూ బండి ఇవ్వలేదు. ఒకరోజు షెడ్డుకొచ్చి రెండు చేతులూ చాపాడు.

"నువ్వు పనోడివి, నిజం చెప్పప్పా. నా చెయ్యి అట్లాంటిదేనా? నా కూతురికి బిడ్డ పుట్టింది. ఎత్తుకోవాలంటే బయమైతాంది."

"నవ్వులకన్నాలే అన్నా. పో, ఎత్తుకో."

"నవ్వులకైతే, నేను పోంగానే బండెట్ల పలికిందప్పా?"

నేను స్పానరు తీసుకుని పక్క బండి కిందికి దూరాను. అతను చేతులు పైగుడ్డలో దాచుకుని వెళ్లిపోయాడు.

మస్తాను నిరుడు చనిపోయాడు. మనవరాలిని ఎత్తుకున్నాడో లేదో వాళ్లింట్లో అడిగే ముఖం నాకు లేదు. టీ అంగడిలో ఇదంతా చెప్పబోతే మరో కోత అని నవ్వారు. కాగితం నవ్వదు కదా! గుండె మీది బండరాయి దిగలేదు, కాస్త పక్కకు జరిగింది.

రంగు గీకకుండా వైరు బిగించింది నేను. మస్తానుది మంచి చెయ్యి.